రోజుకొక జంతువు

పొద్దున ఐదున్నరకు జూపార్కులోంచి సింహం గర్జన వినిపించింది. బహదూర్‌పురాలోని ఆ గల్లీలో దానికి ఎవరూ ఉలిక్కిపడరు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మొదటి వారం భయపడతారు, రెండో వారానికి ఆ గర్జన విని లేచి పాలగిన్నె కడుక్కుంటారు. పదహారేళ్ల కిందట ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు వర్షితకూ అంతే.

ఇంటి వెనక కొట్టంలో నాలుగు బర్రెలు. పాలు పిండడం, వాడుక ఇళ్లకు పోయడం అత్తగారు నాగమణమ్మ పని. మామగారు మొగులయ్య పోయి మూడేళ్లయినా ఆ పని ఒక్క పూట ఆగలేదు. కొడుకు కొండల్ మెయిన్ రోడ్డు మీద పాల పార్లర్ పెట్టుకున్నాడు. "డెబ్బై రెండేండ్లకు గీ పేడకంపు ఎందుకమ్మా" అని అతను, "చేతులు ఊకుంటయా బిడ్డా" అని ఆమె, రోజూ ఉండే మాటే.

ఆ బుధవారం మాత్రం పొయ్యి మీద పాలు పొంగి స్టవ్వంతా పారాయి. పక్కనే ఉండాల్సిన నాగమణమ్మ తన గదిలో తలుపు దగ్గరకు వేసుకుని ఫోన్లో కిలకిలా నవ్వుతోంది.

"ఛల్ పోవే! నువ్వే దొంగదానివి... ఆఁ, తొమ్మిదింటికే. మొన్నటి లెక్క లేటు చేయకు... ఎవరికి చెప్తనే? ఎవరికి తెల్వది."

టిఫిన్ ముందు కూర్చున్న కొండల్ చెయ్యి ఆగిపోయింది. అటువైపు మంచం మీద పద్నాలుగేళ్ల కూతురు అనన్య, బడికి టైమవుతున్నా దుప్పటి కప్పుకుని ఫోన్లో నవ్వుతోంది.

"చూసినవా?" అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి. "బిడ్డ ఒకదిక్కు, తల్లి ఒకదిక్కు. ఇద్దరిట్ల ఎవరికి పద్నాలుగేండ్లో నాకు సమజ్ అయితలేదు."

"అనన్య సంగతి వేరు. ఆ ఈడు అట్లనే ఉంటది" అంది వర్షిత, స్టవ్వు తుడుస్తూ. "అత్తమ్మ సంగతే నాకు భయమైతుంది."

భయపడటానికి ఆమెకు కారణముంది. వర్షిత సోషల్ వర్క్ చదువుకుంది. పాతబస్తీలో బాల్యవివాహాలు ఆపే ఒక సంస్థలో పన్నెండేళ్లుగా పని చేస్తోంది. కొత్తగా చేరిన కార్యకర్తలకు పాఠం చెప్పేది కూడా ఆమే. మనిషి పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఏ వయసులో ఎట్లా ఎదుగుతాడు, ఏ వయసుకు ఏం కావాలి, ఇదీ ఆ పాఠం. "ఒకే పని నాలుగేండ్ల పిల్ల చేస్తే ఒక అర్థం, పద్నాలుగేండ్ల పిల్ల చేస్తే ఇంకో అర్థం, డెబ్బై ఏండ్ల మనిషి చేస్తే మరో అర్థం. ముందుగాల వయసు కనుక్కోండి. తీర్పు తర్వాత" అని ప్రతి క్లాసులో చెబుతుంది.

డెబ్బై రెండేళ్ల మనిషి, ఉన్నట్టుండి అబద్ధాలాడటం మొదలుపెట్టింది. ఉగాది ముందు నుంచి, అంటే నాలుగు వారాలుగా, గుడికని చెప్పి మూడేసి గంటలు మాయమవుతోంది. అద్దం ముందు నిలబడుతోంది. కారణం లేకుండా నవ్వుతోంది, అడిగితే అలుగుతోంది. ఆ వయసులో స్వభావం ఇట్లా మారితే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదని వర్షిత చదివింది. అందుకే రేపటికి మెదడు డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఇంట్లోవాళ్లు నింపి తెమ్మన్న కాగితాల కోసం ఇవాళ సెలవు కూడా పెట్టింది.

తొమ్మిది కాకముందే నాగమణమ్మ గదిలోంచి బయటికొచ్చింది. ఉతికిన గళ్ల చీర, భుజాన గుడ్డసంచి. ముడిలో రెండు మూరల మల్లెపూలు.

కొండల్ ముఖం నల్లబడింది. "అమ్మా, గవేంది?"

"మల్లెపూలు. ఎన్నడు చూడలేదా?"

"చూసిన. బాపు పోయినంక నీ తలల చూడలే. గల్లీల నలుగురు ఏమనుకుంటరు?"

"గల్లీలోళ్లకు నీళ్లు కలపని పాలు పోస్తున్న. ఇంకేం గావాలె వాళ్లకు?"

"లొల్లి చేయకమ్మా. ఇయ్యాల యాడికి బోకు. రేపు డాక్టర్ దగ్గరికి పోయేదున్నది."

"రేపు గదా. ఇయ్యాల గాదు గదా" అంటూ చెప్పులు వేసుకుంది. అరుగు దిగుతూ ఒక్కసారి గెంతినట్టు గెంతింది కూడా. ఆ గెంతు వర్షిత చూసింది.

కూతురు అప్పటికే ఒంటిపూట బడికి వెళ్లిపోయింది. భర్త కూడా పార్లర్‌కు వెళ్లాక వర్షిత కాగితాలు ముందేసుకుంది. పేరు: నాగమణమ్మ. వయసు: ఆధార్ కార్డు చూసి డెబ్బై రెండు రాసింది. దాని కింద ప్రశ్నలన్నీ ఒకదాని వెనక ఒకటి భయపెట్టాయి. ప్రవర్తనలో మార్పు? ఉంది. దాచిపెట్టడం? ఉంది. సిగ్గు, సంకోచం తగ్గడం? ఆమె మల్లెపూలు గుర్తుచేసుకుని, కాసేపు ఆలోచించి, అక్కడా టిక్కు పెట్టింది. చిన్నపిల్లల చేష్టలు? అరుగు మీది గెంతు.

పాత మందుల చీటీలు జతచేయమన్నారు. అవి అత్తగారి ట్రంకు పెట్టెలో ఉంటాయి. పెట్టె తెరిచి బట్టలు పక్కకు జరిపితే అడుగున ఒక రంగు పెన్సిళ్ల డబ్బా కనిపించింది. పక్కన పిల్లల డ్రాయింగ్ పుస్తకం. మొదటి పేజీలో వంకర తొండంతో ఏనుగు, కింద వత్తి వత్తి రాసిన పెద్ద పెద్ద అక్షరాలు: ఏనుగు. రెండో పేజీలో మెడ కాగితం దాటిపోయిన జిరాఫీ. పుస్తకం మధ్యలో రబ్బరు బ్యాండు చుట్టిన జూపార్కు టికెట్లు, ఇరవై దాకా ఉన్నాయి.

వర్షిత నేల మీద చతికిలబడింది. డెబ్బై రెండేళ్ల మనిషి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, రోజూ ఒంటరిగా జూకు వెళ్లి, వచ్చి, దొంగచాటుగా బొమ్మలు గీస్తోంది. ఎండలో తిరిగి తిరిగి ఒకరోజు ఇంటి దారి మరిచిపోతే? వెంటనే కొండల్‌కు ఫోన్ చేసింది.

అతను ముందు గుడికి పరుగెత్తాడు. అక్కడ లేదు. "నెల రోజుల సంది రాలేదన్నా" అన్నాడట అక్కడి పూజారి. పన్నెండున్నరకు కొండల్ ఇంటికొచ్చాడు, చేతిలో కొత్త తాళం.

"గేటుకేస్తా. రేపు డాక్టర్ చూసినంక బర్రెలను గూడ అమ్మేస్తా. ఎట్లన్నా గానీ, మనిషన్న దక్కుతది."

"తాళమా?" అంది వర్షిత. ఆమెకు నచ్చలేదు. 

అప్పుడే బడి నుంచి వచ్చిన అనన్య బ్యాగు కింద పడేసింది. "డాడీ, నాయనమ్మకు తాళమా? ఆమె ఏమన్న బర్రెనా?"

"నువ్వు లోపలికి పో!"

"పోను. రంగు పెన్సిళ్లు నేనే ఇచ్చిన. అడిగింది, ఇచ్చిన. తప్పా?"

వర్షిత కూతురి చెయ్యి పట్టుకుని పక్కకు లాగబోయింది. ఇంతలో గేటు ముందు ఆటో ఆగింది. లోపలి నుంచి ముందు నవ్వు దిగింది, తర్వాత నాగమణమ్మ దిగింది. మల్లెపూలు వాడి చెవి మీదికి జారాయి. ఆమె వెనక సన్నగా, పొడుగ్గా ఉన్న ఇంకో పెద్దావిడ, ముడిచిన గొడుగును చేతికర్రలా ఆనించుకుంటూ దిగింది.

కొండల్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. "గుడి నుంచేనా అమ్మా రాకడ?"

నాగమణమ్మ నవ్వు ఆగింది. కొడుకు ముఖం చూసింది, అతని చేతిలోది చూసింది. "నాకోసమేనా తాళం? పెద్దదే తెచ్చినవు బిడ్డా."

"పరిహాసాలు గాదు! నెల సంది మాకు టోపీ పెడ్తున్నవ్. జూ చుట్టు పిచ్చిదాని లెక్క తిరుగుతున్నవ్. చిన్నపోరి లెక్క బొమ్మలేస్తున్నవ్. నీకేమైందో నీకు తెలుస్తలేదు. రేపటి సంది గేటు దాటుడు బంద్."

"నా పెట్టె తెరిచిన్రా?" అంది నాగమణమ్మ. కొడుకును కాదు, కోడలిని చూసి.

వర్షిత తల వంచుకుంది. "మందుల చీటీల కోసం, అత్తమ్మా..."

"బిడ్డ బ్యాగు మాత్రం అడగకుంట ముట్టవు. దానికి పెద్ద పాఠం చెప్తవు, ఈ ఈడు పిల్లలకు తమదంటు ఒక జాగ ఉండాలని. నాకు ఒక్క పెట్టె ఉండొద్దా?"

"నీ ఈడు వేరమ్మా!" అని కొండల్ అరిచాడు. "డెబ్బై రెండు నీకు. డెబ్బై రెండు!"

గొడుగు ఠంగున నేలకు తగిలింది.

"ఎవరికి నాయనా డెబ్బై రెండు?" అంది కొత్తగా వచ్చిన ఆవిడ. కొండల్‌కైనా సరే చేతులు కట్టుకోవాలనిపించే గొంతు అది. "నా పేరు రాధాబాయి. హుస్సేనీ ఆలంలో ఉంటం, మా ఇంటోళ్లది గుడి కైంకర్యం, దేవుని సేవ. నేను సర్కారు బడిల టీచర్‌గ చేసి పోయిన ఏడాది రిటైర్ అయిన. ఇప్పుడు నాకు అరవై రెండు నడుస్తున్నయ్. ఈ మణి, నేను చేవెళ్ల బడిల ఒకే బెంచీ. ఏడో తరగతి. ఆమె కనుబొమ్మ మీద గీత కనవడ్తుందా? నా పలక అంచు తగిలింది. నాకంటె మూడు నెలలు చిన్నది."

 లోపల కొట్టంలో ఒక బర్రె అరిచి ఊరుకుంది.

"ఉగాది ముందురోజు గుడిమల్కాపూర్ పూల మార్కెట్ల నేను పూలు కొంటుంటె కనవడ్డది" అని రాధాబాయి కొనసాగించింది. "బేరం చేసే గొంతు విన్న, గీత చూసిన. నలభై తొమ్మిదేండ్లకు దొరికింది. అప్పట్ల మా సైన్సు సారు మమ్మల్ని హైద్రాబాదు జూకు విహారయాత్ర తీస్కపోతనన్నడు. చూసిన జంతువుల బొమ్మలేసి తేవాలన్నడు. నెల రోజులు మాకు అదే ముచ్చట. బస్సు శనివారం. గురువారంనాడు ఈమె బడికి రాలే. పెండ్లయిందన్నరు. ఎక్కడికిచ్చిన్రు అంటె, జూ పక్కకే అన్నరు. అయితె మనకంటె ముందుగాలే చూస్తది అని మేమంత కుళ్లుకున్నం."

నాగమణమ్మ చిన్నగా నవ్వింది. "గోడ చూసిన. నలభై తొమ్మిదేండ్లు గా గోడే చూసిన. మీ బాపు పిల్లలను తోల్కపోయినప్పుడు బర్రెల కాడ ఒకరుండాలె గద. నేనే ఉన్న."

"మరి ఆధార్‌ల డెబ్బై రెండని..." అన్నాడు కొండల్.

"నువ్వు కడుపుల ఉన్నప్పుడు నొప్పులు తట్టుకోలేక దవాఖానకు తీస్కపోయిన్రు. వయసెంత అని అడిగిన్రు. ఉన్నది చెప్తె కేసైతదని మా అత్తకు భయం. పదెనిమిదంటె అనుమానపడ్తరు, ఇరవై అయిదంటె ఎవరడుగుతరు అనుకున్నది. అదే చీటి పోయి రేషన్ కార్డుల ఎక్కింది. అది పోయి ఓటరు కార్డుల, అది పోయి ఆధార్‌ల. అందరు ముసల్దాన్నంటె నేను గూడ ముసల్దాన్నే అనుకున్న. రాధ వచ్చి చెప్పేదాక నా పదేండ్లు యాడ పోయినయో నాకే తెల్వది."

కొండల్ పెదాలు కదిలాయి. అరవై రెండు. తనకు నలభై ఏడు. ఒక్క తీసివేత. పార్లర్‌లో క్షణానికి పది లెక్కలు చేసే మనిషి ఈ లెక్క దగ్గర ఆగిపోయాడు. అతని చూపు తల్లి మీది నుంచి మెల్లగా జరిగి, మూలన జడ కొస కొరుకుతూ నిలబడ్డ కూతురి మీద పడింది. అనన్య బూటు లేసు ఊడి ఉంది. మోకాలి మీద మొన్న సైకిల్ మీంచి పడ్డ దెబ్బకు పట్టీ ఉంది. వచ్చే ఏడాదికి దానికి పదిహేను.

తాళం అతని చేతిలోంచి కింద పడింది. దాన్ని ఎవరూ తీయలేదు. కొండల్ లోపలికి నడిచి, కుండలో నీళ్లు ముంచుకుని, తాగకుండా చెంబు పట్టుకుని నిలబడిపోయాడు.

వర్షిత అరుగు మీద కూర్చుంది. పన్నెండేళ్లలో ఆమె ఎక్కని గడప లేదు. ప్రతి ఇంట్లో ఆమె అడిగే మొదటి ప్రశ్న ఒకటే, పెండ్లినాటికి నీ వయసెంతమ్మా అని. అడిగి, రాసుకుని, ఓపికగా వింటుంది. అవతలి మనిషి ఏడిస్తే చెయ్యి పట్టుకుంటుంది. పదహారేళ్లుగా తనకు అన్నం వండిపెట్టిన మనిషిని ఆ ప్రశ్న అడగాలని ఎన్నడూ తోచలేదు. ఆ కాలంలో ఇరవై అయిదేళ్లకు తొలికాన్పు ఏమిటని కూడా అనుకోలేదు. కార్డు మీద అంకె చూసి కింద టిక్కులు పెట్టేసింది.

రాధాబాయి మజ్జిగ తాగి, "మణికి రేపటి అపాయింట్‌మెంట్ ఎందుకు, నా మోకాళ్లకిప్పియ్యుండ్రి" అని వెళ్లిపోయింది. 

ఎండ తగ్గాక నాగమణమ్మ ఎప్పటిలాగే కొట్టంలోకి వెళ్లింది. బకెట్ బోర్లించుకుని కూర్చుని, బర్రె పొదుగు కడిగి, పిండటం మొదలుపెట్టింది. చెంబులో పాలధార జుయ్యిమంటోంది. వర్షిత వచ్చి పక్కనే పచ్చగడ్డి మోపు మీద కూర్చుంది. ఆమె చేతిలో పొద్దున నింపిన కాగితాలున్నాయి.

"ఏంది? ఇంకేమన్న రాసేదున్నదా?" అంది నాగమణమ్మ తల తిప్పకుండా.

"ఒకటున్నది." వర్షిత కాగితాల మీంచి తల ఎత్తింది. "పెండ్లినాటికి నీకెన్నేండ్లు, అత్తమ్మా?"

పాలధార ఆగింది. చాలాసేపటికి మళ్లీ మొదలైంది.

"పదమూడు" అంది నాగమణమ్మ. "నువ్వు అందరిని అడుగుతవు గద. గల్లీల ఆడోళ్లు చెప్తరు, మీ కోడలు మస్తు మంచిగ అడుగుతది, కడుపుల ఉన్నదంత బయటికొస్తది అని. ఒకరోజు నన్ను గూడ అడుగుతదనుకున్న. ఇంటిదాన్ని గదా, ఇంట్లున్నది ఎవరికి కనవడ్తది."

వర్షిత కాగితాలను నిలువునా మడిచి, మళ్లీ అడ్డంగా మడిచింది. కళ్లలోంచి నీళ్లు జారి ఆ మడత మీద పడుతున్నాయి. నాగమణమ్మ చూసింది. పాలచెయ్యి చీరకు తుడుచుకుని, కోడలి మోకాలి మీద ఒక్క దెబ్బ వేసింది. ఎద్దును అదిలించినట్టుంది ఆ దెబ్బ.

"ఏడ్వకు. పాలల్ల నీళ్లు కలుస్తయ్."

ఏడుపు మధ్యనే వర్షితకు నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుని అడిగింది. "పుస్తకం చూసిన, అత్తమ్మా. ఏనుగు, జిరాఫీ, ఎలుగుబంటి, మొసలి... మరి సింహం లేదేంది? రోజు పొద్దున వినేది దాన్నే గదా."

"దాన్ని ఆఖరుకు పెట్టుకున్న. రాధకు మోకాళ్లు, రోజుకు ఒక్కటే చూస్తం. ఇగ అదొక్కటే మిగిలింది." నాగమణమ్మ చెంబు సర్దుకుంది. "పెండ్లయి వచ్చినంక మొదటి తెల్లారి అది అరిచింది. నేను లేచి ఏడుసుడు షురూ చేసిన. మీ మామకు గూడ చిన్నతనమే, ఏం జెయ్యాల్నో ఎరుక లేదు. మా అత్త వచ్చి, అది జాలీ బోన్ల ఉంటది, బయటికి రాదు, ఫికర్ జెయ్యకు, లేచి బర్రెల కాడికి పో అన్నది. జాలీల ఉన్నదాన్ని చూసి ఏడ్వొద్దనుకున్న. ఎట్లుంటదో రేపు చూస్తా."

కొట్టం తలుపు దగ్గర అలికిడయింది. కొండల్ గడ్డి మోపు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. మోపు దించి, తల్లి ముఖం చూడలేక బర్రె మెడ నిమురుతూ అన్నాడు.

"ఎండ మస్తున్నది. రేపు పొద్దున బండి మీద జూ గేటు కాడ దింపుతా. రాధమ్మను గూడ తోల్కొస్తా."

"పార్లర్?" అంది తల్లి.

"రేపు లేటుగ తీస్తా."

 నాగమణమ్మ పిండే చెయ్యి ఒక్కసారి జోరందుకుంది.

"నేను గూడ రానా అత్తమ్మా, మీతోటి?" అంది వర్షిత. "రేపు గూడ సెలవు పెడ్తా."

"నువ్వా?" నాగమణమ్మ కోడలిని ఎగాదిగా చూసింది. "ఇది బడి విహారయాత్ర. అమ్మలు, అయ్యలు రారు. మా క్లాసోళ్లకే."

వర్షిత ముఖం చిన్నబోయింది. నాగమణమ్మ నిండిన చెంబు పక్కన పెట్టి, లేచి, నడుము మీద చెయ్యి వేసుకుని ఇంట్లోకి చూసింది. కిటికీలోంచి మంచం మీద అనన్య కనిపిస్తోంది. బోర్లా పడుకుని, కాళ్లు గాల్లో ఊపుతూ, నాయనమ్మ డ్రాయింగ్ పుస్తకంలో జిరాఫీ మెడకు ఇంకో కాగితం అతికిస్తోంది.

"పిల్లను పంపు" అంది నాగమణమ్మ. "దాని ఈడోళ్లమే గద మేము."